రోజుకో రీలు, సెమిస్టరుకో సప్లీ

మా స్టాఫ్ రూములో ఏ విద్యార్థి హాజరు పడిపోయినా ఈ మధ్య కారణం వెతకనక్కర్లేదు. "వీడియోలు చేస్తున్నాడట" అని ఎవరో ఒకరు అనేస్తారు, మిగతావాళ్లు తల ఊపుతారు. అదే పిల్లవాడు క్రికెట్ ఆడి హాజరు పోగొట్టుకుంటే మందలించి వదిలేస్తారు. సినిమాకు వెళ్లి దొరికిపోతే నవ్వి ఊరుకుంటారు. వీడియో అనగానే మాత్రం ఏదో వ్యసనం పేరు విన్నట్టు ముఖాలు పెడతారు. పిల్లలను వెనకేసుకొచ్చే వర్గం కూడా ఒకటుంది. రోజులు మారాయి, తెల్లవారుజామున లేచి చదువుకుని సాయంత్రం వీడియోలు చేసుకుంటే సరిపోతుంది, అంతా టైమ్ టేబుల్‌లో ఉంది అంటుంది ఆ వర్గం.

నాకు ఈ రెండు మాటలూ రుచించవు. ఒక జిల్లా కేంద్రం శివార్లలోని ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో ఎలక్ట్రికల్ విభాగంలో పాఠాలు చెబుతున్నాను. వీడియోలు చేసే పిల్లలు నా ప్రతి తరగతిలోనూ ఉన్నారు. వాళ్లను చూశాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది: వారానికో పది రోజులకో ఒక వీడియో చేసేవాడి చదువు చెడదు, చాలాసార్లు బాగుపడుతుంది. రోజుకొకటి చేసేవాడి చదువు చెడుతుంది, ఎంత తెలివైనవాడైనా సరే. మధ్యలో క్రమశిక్షణ గురించి ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చినా ఈ లెక్క మారదు.

నలభై అయిదు సెకన్ల రీలుకు ఎంత చాకిరీ పడుతుందో దగ్గరగా చూడనివాళ్లకు ఇది అతిశయోక్తిలా అనిపిస్తుంది. హాస్టల్ గదిలో నలుగురు ఉంటారు. గొంతు రికార్డు చేయాలంటే ఫ్యాను ఆపాలి, మిగిలిన ముగ్గురు ఆపనివ్వరు. అందుకని కుర్రాడు ఏప్రిల్ ఎండల్లో కూడా మంచం మీద దుప్పటి నిండా కప్పుకుని, లోపల ఫోను వెలుగులో కాగితం చూస్తూ చెమటలు కక్కుతూ మాట్లాడతాడు. పక్కవాడు తలుపు వేస్తే ఆ చప్పుడు పడుతుంది, మళ్లీ మొదటి నుంచి. తర్వాత ఫోనులోనే కైన్‌మాస్టర్ అనే ఎడిటింగ్ యాప్ తెరిచి ముక్కలు కోయడం, అతికించడం. ఉచితంగా వాడుకుంటే మూలన ఆ యాప్ ముద్ర పడుతుంది కాబట్టి అది కనబడకుండా ఏదో ఒక బొమ్మ అడ్డం పెట్టడం. యంత్రం రాసిచ్చే తెలుగు అక్షరాల్లో ఒత్తులు ఎగిరిపోతాయి, దీర్ఘాలు పోతాయి, కాబట్టి తెర మీది ప్రతి మాటా చేత్తో కొట్టుకోవాలి. ఇంతా అయ్యేసరికి వైఫై ఆపేసే వేళవుతుంది, పరుగున వెళ్లి వరండా చివర సిగ్నల్ పట్టుకోవాలి. ఒక్క రీలుకు ఒక సాయంత్రం పోయినట్టే.

సాయంత్రం పోతే పోయింది, అది పనే. పని చేసిన సాయంత్రం గురించి నాకు ఫిర్యాదు లేదు. తర్వాతి రోజు సంగతే చెప్పాలి. ఎంతమంది చూశారు, ఎవరు లైక్ కొట్టారు, నిన్నటి దాని కంటే ఎక్కువా తక్కువా. మెషీన్స్ ల్యాబులో అమ్మీటరు రీడింగు రాసుకుంటూ ఒక చేయి జేబులోకి వెళుతుంది. చూడటానికి నాలుగు సెకన్లు పడుతుంది, తిరిగి రీడింగు మీదికి మనసు రావడానికి చాలాసేపు పడుతుంది. ఈ చూసుకోవడానికి ఏ టైమ్ టేబుల్‌లోనూ గడి ఉండదు. వారానికొకటి చేసేవాడికి ఈ తడబాటు ఒకటి రెండు రోజులుండి తగ్గిపోతుంది. రోజూ పెట్టేవాడికి తగ్గే వేళకు ఇంకో రీలు పడుతుంది.

దీనికి మన విశ్వవిద్యాలయాల లెక్కలు తోడవుతాయి. జేఎన్‌టీయూ హైదరాబాద్ పరిధిలో హాజరు 75 శాతం ఉండాలి. 65కూ 75కూ మధ్య ఉంటే తగిన కారణం చూపి, రుసుము కట్టి, కండోనేషన్ అనే మినహాయింపు తెచ్చుకోవచ్చు. 65 కంటే తగ్గితే డిటైన్. అంటే పరీక్ష రాయనివ్వరు, ఆ సెమిస్టరు మళ్లీ వచ్చేదాకా ఆగాలి, ఆచరణలో ఒక ఏడాది పోయినట్టు. ఫీజు రీయింబర్స్‌మెంటు మీద చదివే పిల్లలకు హాజరు తగ్గితే ఆ డబ్బుకే ఎసరు. విశ్వవిద్యాలయం 2022లో తెచ్చిన ఆర్22 నిబంధనల్లో వంద మార్కులకు 40 ఇంటర్నల్స్‌వే కాబట్టి చివరి వారంలో కూర్చుని గట్టెక్కే పాత పద్ధతి కూడా ఇదివరకంత పనికిరాదు. సెమిస్టరు పొడుగునా ఏదో ఒకటి ఉంటుంది: మధ్యలో పెట్టే మిడ్ పరీక్ష, అసైన్‌మెంట్, ల్యాబ్ రికార్డు. రికార్డు ఇంకా చేత్తోనే రాయిస్తున్నాం, అది వేరే కథ. యాప్‌కు మిడ్ తేదీలతో పని లేదు. ఆ వారం కూడా నోటిఫికేషన్ పంపుతూనే ఉంటుంది.

ఇక వారానికొకటి చేసేవాడి సంగతి. మూడో సంవత్సరం కుర్రాడొకడున్నాడు, వాళ్లది వ్యవసాయం. బోరు మోటారు కాలిపోతే దాన్ని పైకి లాగించి, ట్రాలీ ఆటోలో వేసుకుని రివైండింగు షాపుకు పోవడం ఆ ఇంట్లో మామూలు. ఇండక్షన్ మోటారు పాఠం అయ్యాక, మోటారు ఎందుకు కాలుతుందో చెబుతూ పన్నెండు నిమిషాల వీడియో చేశాడు. విషయం చిన్నదే. మూడు ఫేజుల్లో ఒకదాని ఫ్యూజు పోయిందనుకోండి. ఆగి ఉన్న మోటారైతే తిరగదు, గుర్రుమంటుంది, మనకు తెలిసిపోతుంది. అప్పటికే తిరుగుతున్న మోటారు మాత్రం ఆగదు. మిగిలిన రెండు ఫేజుల మీదే అదే బరువు లాగుతూ దాదాపు 1.73 రెట్లు కరెంటు తీసుకుంటుంది. నీళ్లు వస్తూనే ఉంటాయి, రైతుకు అనుమానం రాదు, లోపల వైండింగు మాడిపోతుంది. పుస్తకంలో దీన్ని సింగిల్ ఫేజింగ్ అని ఒక్క పేరాలో తేల్చేస్తారు. మా పిల్లలు ఆ పేరాను బట్టీ కొట్టి రాస్తారు, మేము మార్కులు వేస్తాం.

కామెంట్లలో రైతులు బట్టీ ప్రశ్నలు అడగలేదు. "మా మోటారుకు స్టార్టరు ఉంది, ఓవర్‌లోడ్ రిలే కూడా ఉంది, అయినా ఎందుకు కాలింది?" అన్నారు ఒకరు. "కండెన్సరు పెట్టి రెండు ఫేజుల మీద నడుపుతున్నాం, ఎన్నాళ్లు ఆగుతుంది?" అని ఇంకొకరు. "ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా తిరిగి చెప్పారు, దానికీ దీనికీ సంబంధం ఉందా?" అని మరొకరు. వైవాలో మేము అడిగే ప్రశ్నలకు వాడు నిద్రలో కూడా జవాబు చెప్పగలడు, వీటికి చెప్పలేకపోయాడు. రిలే ప్రశ్న పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. ఇద్దరం ల్యాబులో మోటారును నేరుగా లైనుకు కలిపే పాత డీవోఎల్ స్టార్టరు ఒకటి విప్పి చూశాం. రిలే మీద చిన్న డయలు ఉంటుంది, ఎన్ని ఆంపియర్లు దాటితే ఆగాలో అక్కడ పెట్టుకోవాలి. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని రైతు విసుక్కుంటే మెకానిక్ దాన్ని పైకి తిప్పేసి పోతాడు. ఆ తర్వాత అది ఉన్నా లేనట్టే. ఆటో స్టార్టరు సంగతి వాడే తవ్వి తీశాడు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలైంది, కరెంటు ఉన్నంతసేపూ మోటారు దానంతటదే తిరిగితే భూగర్భ జలం అడుగంటుతుందని వాటిని తొలగించమన్నారు. మోటారు కాలడానికీ ఆ ప్రచారానికీ నేరుగా లంకె లేదు. ఆ మాట చెప్పడానికి వాడికి వారం పట్టింది. రెండో వీడియో దాని మీదే.

ఆ వారంలో వాడు నేర్చుకున్నది నా సెమిస్టరు పాఠాల్లో సగానికి తక్కువ కాదు. ఆర్22లో రెండో సంవత్సరానికే ఫీల్డ్ ప్రాజెక్టు అని ఒక అంశం పెట్టారు. చాలామంది దాన్ని ఎక్కడి నుంచో దింపిన రిపోర్టుకు స్పైరల్ బైండింగు చేయించి ఇచ్చేస్తారు. అసలు ఫీల్డు ఈ కామెంట్లలో ఉంది. తన మాటను తప్పు పట్టగలిగే జనం ఎదురుగా ఉన్నప్పుడు చదివే చదువు వేరు, మార్కుల కోసం చదివేది వేరు.

"అందరూ మోటార్ల మీద చేయలేరు కదా మేడమ్" అంటారు పిల్లలు. నిజమే, చేయక్కర్లేదు. వ్యంగ్యం రాసేవాళ్లు, పాడేవాళ్లు, ఊళ్లు తిరిగి గుళ్ల శిల్పాలు చూపించేవాళ్లు ఉన్నారు. అవన్నీ కూడా వారం ఆగితే మెరుగవుతాయే తప్ప పాడవవు. మూడు రోజులు తిప్పి తిప్పి రాసిన స్కిట్టుకూ, రాత్రి భోజనాల తర్వాత తట్టి ఆ రాత్రే తీసేసిన దానికీ తేడా చూసేవాళ్లకు తెలుస్తుంది.

రెండో అభ్యంతరం గట్టిది. రోజూ పెట్టకపోతే అల్గోరిథం మనల్ని మరిచిపోతుందట. రీళ్ల విషయంలో ఇందులో కొంత నిజం ఉంది కూడా. చాలా రీళ్ల ఆయుష్షు కొద్ది రోజులే, ఆ తర్వాత వాటిని ఎవరూ వెతుక్కుంటూ రారు. అందుకే రోజూ ఒకటి కావాలి. పాడి గేదెను కట్టేసుకున్న ఇంటివాళ్లు దగ్గరి బంధువుల పెళ్లికైనా ఇద్దరూ కలిసి వెళ్లలేరు, పూటపూటకూ పాలు తీయాల్సిందే. గేదె నయం, పాలకేంద్రం వాళ్లు పదిహేను రోజులకోసారి బిల్లు ఇస్తారు. మోటారు వీడియోకు ఆ బాధ లేదు. దానికి వచ్చిన వ్యూస్ ఒక డ్యాన్సు రీలు ముందు లెక్కలోకి రావు గాని, ఎక్కడో ఒకచోట మోటారు కాలిన ప్రతిసారీ ఎవరో ఒకరు యూట్యూబులో వెతుకుతారు, అది కనబడుతుంది. కుర్రాడు పరీక్షలు రాసుకుంటుంటే కూడా కనబడుతుంది.

పల్లెటూరి వీడియోలతో పేరు తెచ్చుకున్న గంగవ్వ పేరు మన పిల్లలు చాలామంది చెబుతారు. చెప్పదగిన పేరే. అయితే ఆమెకు పేరు తెచ్చిన యూట్యూబ్ ఛానెల్ మై విలేజ్ షో జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో మొదలైంది 2012లో. ఆమె బిగ్‌బాస్ ఇంట్లోకి వెళ్లింది 2020లో. మధ్యలో ఉన్న ఎనిమిదేళ్లు ఎవరికీ గుర్తుండవు. మా రెండో సంవత్సరం వాళ్లు ఎనిమిది వారాల్లో ఫలితం రాలేదని ఛానెల్ పేరు మార్చేస్తారు.

2020 మరొకటి కూడా నేర్పింది, ఇప్పటి పిల్లలు అప్పటికి బడిలో ఉన్నారు కాబట్టి తెలియదు. ఆ జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో టిక్‌టాక్ ఉంది. లక్షల మంది ఫాలోవర్లున్నవాళ్లకు ఒక్క రాత్రిలో ఆ సంఖ్య సున్నా అయింది. జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ మన దేశంలోకి వచ్చాయి. రాయడం, కోయడం, మాట్లాడటం వచ్చినవాళ్లు అక్కడ మళ్లీ మొదలుపెట్టగలిగారు. పాటకు పెదవి కదపడమే తెలిసినవాళ్లు వరసలో చివరికి వెళ్లారు. ఫాలోవర్ల లెక్క ఆ యాప్ వాడి ఆస్తి, మన ఆస్తిలా కనిపిస్తుందంతే.

డబ్బు సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం పెద్దమనుషుల సుభాషితంలా ఉంటుంది. పిల్లల్లో చాలామంది డబ్బు కోసమే మొదలుపెడతారు, అందులో సిగ్గుపడాల్సింది లేదు, మెస్ బిల్లు ఎవరికైనా మెస్ బిల్లే. కాకపోతే లెక్క తెలిసి దిగాలి. యూట్యూబులో ప్రకటనల వాటా రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. దాంతోపాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ సమయమో, 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూసో రావాలి. పెద్ద వీడియోల ప్రకటనల్లో 55 శాతం మనది, షార్ట్స్‌లో మన ఖాతాకు లెక్కగట్టిన దానిలో 45 శాతం. కోటి అన్న అంకెను ఒకసారి మళ్లీ చదవండి, ఎవరు ఎవరి కోసం రోజూ చాకిరీ చేస్తున్నారో తెలుస్తుంది. ఆ గీత దాటినా పది డాలర్లు జమయ్యాక చిరునామా నిర్ధారణకు పిన్ నంబరు ఉత్తరంలో వస్తుంది, మామూలు పోస్టులో. హాస్టల్ చిరునామా ఇస్తే వార్డెన్ బల్ల కింద పోతుంది, ఊరి చిరునామా ఇస్తే పోస్టుమ్యాన్ ఎప్పుడిస్తే అప్పుడు. వంద డాలర్లు పోగయ్యేదాకా డబ్బు చేతికి రాదు. ఇంటర్ అయ్యి వచ్చిన మొదటి సంవత్సరం వాళ్లలో చాలామందికి పద్దెనిమిదేళ్లు నిండవు, ఖాతా నాన్న పేరు మీదో అమ్మ పేరు మీదో తెరవాలి. అమెరికా పన్ను ఫారం ఒకటి నింపాలి. అది నింపకపోతే ప్రపంచం మొత్తం మీద వచ్చిన సంపాదనలోంచి 24 శాతం దాకా కోసేయవచ్చు. నింపితే అమెరికాలోని మన తెలుగువాళ్లు చూసిన భాగం మీద మాత్రమే పన్ను పడుతుంది. ఇంత పనికొచ్చే సంగతి మా ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ సెల్‌లో ఒక్క మధ్యాహ్నం కూడా ఎవరూ చెప్పలేదు. అతిథి వక్తలు వచ్చి పెద్ద కలలు కనమని చెప్పి శాలువా కప్పించుకుని పోతుంటారు.

ఇన్‌స్టాగ్రామ్‌లో డబ్బు చాలావరకు ప్రమోషన్లదే. అక్కడే అసలు ప్రమాదం కూడా. రోజూ పెట్టేవాడికి రోజూ విషయం దొరకదు, విషయం దొరకనివాడు ఎవరేమిచ్చినా తీసుకుంటాడు. మొదట దుకాణం ప్రారంభోత్సవం, తర్వాత బరువు తగ్గించే పొడి, ఆ తర్వాత మెసేజీలో వచ్చిన ఏదో ఆట యాప్. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లను ప్రచారం చేశారని హైదరాబాద్‌లో సినిమా నటుల మీద, యూట్యూబర్ల మీద కేసులు నమోదయ్యాయి. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ప్రకారం డబ్బు పెట్టి ఆడే ఆటలకు ప్రకటన చేస్తే రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. పొడుల విషయంలోనూ అంతే, తప్పుదోవ పట్టించే ప్రకటనలో కనిపించినవాళ్లకు వినియోగదారుల రక్షణ చట్టం కింద పది లక్షల దాకా పడవచ్చు. డబ్బో వస్తువో తీసుకుని చెబుతున్నప్పుడు అది ప్రకటన అని స్పష్టంగా రాయాలి. పాస్‌పోర్టు, ఉద్యోగం, వీసా అన్నీ ముందున్న ఇరవై ఏళ్లవాడికి ఒక పోలీసు కేసు ఎంత బరువో వేరే చెప్పక్కర్లేదు. ఇలాంటి పిలుపు వచ్చిన పిల్లలు స్టాఫ్ రూముకు వచ్చి అడగరు. ముందు వీడియోలే తప్పు అన్నవాళ్ల దగ్గరికి ఏ ముఖం పెట్టుకుని వస్తారు?

ఆడపిల్లల లెక్క ఇంకోలా ఉంటుంది. అబ్బాయి రీలు బాగోకపోతే ఎవరూ చూడరు, అంతే. అమ్మాయి రీలు బాగున్నా బాగోకపోయినా చుట్టాల వాట్సాప్ గ్రూపులో తిరిగి నాన్న ఫోనుకు చేరుతుంది. తర్వాతి వారం ఆమె హాస్టల్‌లో ఉంటుందో ఇంటి నుంచి బస్సులో వస్తుందో తెలియదు. అందుకే మా తరగతి అమ్మాయిలు కొందరు ముఖం చూపించకుండా చేస్తారు. తెరమీద చేతులూ కాగితమూ కనిపిస్తాయి, గొంతు వినిపిస్తుంది. నెట్‌వర్క్ థియరమ్స్ లెక్కలను ఒకమ్మాయి అలా విప్పి చెబుతుంటే మా సప్లీ బ్యాచ్ మొత్తం నా నోట్సు మానేసి దాన్నే చూసింది. కొంచెం ఉక్రోషం వచ్చిన మాట నిజం. అయినా ఆ పిల్ల థెవెనిన్ సిద్ధాంతాన్ని నాకంటే తేలికగా చెప్పింది.

తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒక్కటే. ఫోను లాక్కోకండి, ఎన్నాళ్లకొకటి పెడుతున్నాడో అడగండి.

మాట పడాల్సింది పిల్లలు ఒక్కరే కాదు. ఎప్‌సెట్ ఫలితాలు వచ్చి కౌన్సెలింగ్ దగ్గరపడగానే కళాశాలల యాజమాన్యాలకు హఠాత్తుగా ఈ పిల్లలు గుర్తొస్తారు. ఏడాదంతా ఫోను కనబడితే లాక్కున్న చోటే "బాబూ, మన క్యాంపస్ మీద మంచి రీళ్లు చెయ్యి" అని పిలుస్తారు. లైబ్రరీలో ఒకటి, ప్లేస్‌మెంట్ పోస్టరు ముందు ఒకటి, ఉదయం బస్సులు దిగుతుంటే ఒకటి. రోజుకొకటి కావాలి, సీట్లు నిండేదాకా. పిల్లవాడి ఛానెల్‌ను అలవాటు చెడగొట్టేది అన్నవాళ్లు తమకు కావలసినప్పుడు ఆ అలవాటునే పురమాయిస్తారు. డబ్బు ఇవ్వరు, ఆ రోజుల హాజరు కూడా ఇవ్వరు. పైగా వేసవి సెలవుల్లోనో పరీక్షల మధ్యలోనో రమ్మంటారు. స్నాతకోత్సవానికి వచ్చిన ఫొటోగ్రాఫరుకు బిల్లు చెల్లిస్తారు, అదే కెమెరా పట్టుకున్న విద్యార్థికి సర్టిఫికెట్ ఇస్తారు.

మా విభాగం సమావేశంలో నేను మూడు సంగతులు అడిగాను. ప్రచారానికి చేయించుకునే ప్రతి వీడియోకూ బయటివాళ్లకు ఇచ్చే ధరే విద్యార్థికీ ఇవ్వాలి. మిడ్‌కు పది రోజుల ముందు నుంచి ఎవరినీ ఈ పనికి పిలవకూడదు. పాఠ్యాంశం మీద సొంతంగా చేసి, చూసినవాళ్ల ప్రశ్నలకు జవాబులు రాసిన వీడియోను ఫీల్డ్ ప్రాజెక్టు కింద తీసుకుని మార్కులు వేయాలి. మూడోదానికి పరిశీలిస్తామన్నారు. రెండోదానికి సరేనన్నారు. మొదటిదానికి, "పిల్లలు సరదాగా చేస్తున్నారు మేడమ్, డబ్బు అలవాటు చేయకండి" అని జవాబు వచ్చింది. సరదాకు చేసేవాడిని రోజుకొకటి అడగరు. ఈసారి కౌన్సెలింగ్ షెడ్యూలు వెలువడే లోపు ఆ ధర ఎంతో కాగితం మీద రాసివ్వాలని, అప్పటిదాకా నా విద్యార్థులెవరినీ ఆ పనికి పంపనని చెప్పాను. యాజమాన్యం ఇంకా ఏమీ తేల్చలేదు.